యుద్ధం వచ్చినప్పుడు డాక్టరు చేతిలో ఏముంటుంది? మన దగ్గరి ఉదాహరణలు చెప్పండి

హౌస్‌సర్జన్_07 · ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు.

2022 మార్చిలో ఉక్రెయిన్‌లోని విన్నీత్సియా నుంచి రొమేనియా సరిహద్దు దాటి ఇంటికొచ్చిన మెడికల్ విద్యార్థుల్లో నేనొకణ్ణి. మిగతా చదువు కిందామీదా పడి పూర్తిచేసి, విదేశాల్లో చదివినవాళ్ళు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష గట్టెక్కి, ఇప్పుడు ఒక జిల్లా ఆసుపత్రిలో హౌస్‌సర్జన్సీ చేస్తున్నాను.

మేం బస్సెక్కిన రోజు మా సర్జరీ మేడమ్ హాస్టల్ దాకా వచ్చారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, లెక్క సరిపోయాక బస్సు కదలమన్నారు. మేం చేతులూపుతుండగానే ఆవిడ డ్యూటీకి వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. ఆ ఏడాది జులై 14న ఆ ఊరి నడిబొడ్డున క్షిపణులు పడ్డాయి. మేడమ్ క్షేమమేనని రెండు రోజులకి తెలిసింది. కానీ ఆవిడ వెనక్కి నడవడం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

వచ్చే నెల మా నర్సింగ్ స్కూల్లో అరగంట మాట్లాడమన్నారు. యుద్ధంలో వైద్యం చేసేవాళ్ళు ఏం చేయగలిగారో చెప్పాలనుకుంటున్నాను. రెడ్‌క్రాస్ పుట్టుక, నైటింగేల్ కథ ఆ పిల్లలు పుస్తకంలో చదివేశారు. మనకు దగ్గరలో, మన వార్డుల్లో ఉండే వస్తువులతోనే జరిగింది ఏదైనా ఉంటే చెప్పండి.

చరిత్రబడి · ఆదివారం, రాత్రి 11:25

స్వాగతం తమ్ముడూ. ముందు గుర్తొచ్చేది ద్వారకానాథ్ కోట్నిస్. షోలాపూర్ ఆయన. జపాన్ చైనా మీద పడినప్పుడు 1938లో కాంగ్రెస్ పంపిన ఐదుగురు డాక్టర్లలో ఒకడు. అటల్, చోల్కర్, బసు, ముఖర్జీ మిగతావాళ్ళు. నలుగురూ తిరిగొచ్చారు, కోట్నిస్ రాలేదు. 1942 డిసెంబరు 9న అక్కడే పోయాడు, 32 ఏళ్ళకి.

తెనాలి_పిల్లల_డాక్టరు · సోమవారం, ఉదయం 6:10

హౌస్‌సర్జన్ బాబూ, కోట్నిస్ గురించి తప్పకుండా చెప్పు. అయితే నర్సింగ్ పిల్లలకి అరగంటలో ఒక్కటే చెప్పాల్సివస్తే నేను పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ గురించి చెబుతాను. ప్రాక్టీసు మానేసి ఆరేళ్ళయింది. నలభై ఏళ్ళలో నేను రాసిన మందులన్నిటిలోకీ ఎక్కువ ప్రాణాలు నిలబెట్టింది ఒక పొడి, విరేచనాలవాళ్ళకి నీళ్ళలో కలిపి తాగించే ఓఆర్‌ఎస్. ఆ పొడికి అసలు పరీక్ష జరిగింది అక్కడే.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో జనం మీద పడింది. ఏడాది తిరక్కముందే సుమారు కోటిమంది సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. జెస్సోర్ రోడ్డు పట్టుకుని నడిచినవాళ్ళకి ఇటువైపు మొదట తగిలే ఊరు బన్‌గావ్. ఆ చుట్టుపక్కలే మూడున్నర లక్షలమంది చేరారు. వానాకాలం. కలకత్తా పక్కన సాల్ట్ లేక్‌లో అయితే మురుగు కాలవలకి తెచ్చిన సిమెంటు తూముల్లో కాపురాలు. తాగేదీ కడుక్కునేదీ ఒకే నీళ్ళు. కలరా పుట్టకేం చేస్తుంది?

కలరా మనిషిని ఎండగట్టి చంపుతుంది. బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనం, జబ్బు ముదిరితే గంటకి లీటరు దాకా పోతుంది. కళ్ళు గుంటలు పడతాయి, నాడి అందదు, పొద్దున తిరిగిన మనిషి రాత్రికి ఉండడు. పోయిన నీళ్ళు, ఉప్పు తిరిగి ఒంట్లో పెట్టగలిగితే మాత్రం లేచి కూర్చుంటాడు. అందుకు అప్పట్లో డాక్టర్లు నమ్మిన దారి ఒక్కటే, నరంలోకి సెలైన్.

కలకత్తాలో అమెరికాకి చెందిన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న దిలీప్ మహలనబిస్ జూన్ చివర్లో బన్‌గావ్ ఆసుపత్రికి వెళ్ళాడు. వయసు 36, పిల్లల డాక్టరు. అక్కడ కలరా వాళ్ళకున్నవి రెండు గదులు, పదహారు మంచాలు. నేలంతా మనుషులే. వాళ్ళకి సెలైన్ పెట్టాలంటే వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ళమీద కూర్చోవాలి. రెండు వారాలయ్యేసరికి సీసాలు అయిపోవచ్చాయి. పెట్టడానికి చేయి తిరిగినవాళ్ళూ ఇద్దరే.

నోటితో తాగించి కలరాని నెగ్గవచ్చని అప్పటికే పరిశోధనల్లో తేలింది. కానీ అవన్నీ మంచి ఆసుపత్రుల్లో, కొలతలన్నీ పక్కాగా చూసుకుంటూ చేసినవి. గుడారాల్లో, చదువురాని బంధువుల చేతుల మీదుగా జరుగుతుందా అన్నది ఎవరికీ తెలియదు. ఆయన ఎదుట రెండే దారులు, తాగించి చూడడం, లేదా చూస్తూ కూర్చోవడం.

లీటరు నీళ్ళకి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల తినే సోడా. కలకత్తాలో పొట్లాలు కట్టించి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి, సంచుల్లో బన్‌గావ్ చేరవేశారు. పైన 'ఓరల్ సెలైన్' అని రాశారు, సెలైన్ అంటే జనానికి అప్పటికే గురి కనుక. కుళాయి బిగించిన డ్రమ్ముల్లో కలిపి పెట్టారు. తల్లి, అన్న, పక్కమంచం మనిషి, ఎవరుంటే వాళ్ళు మగ్గుతో పట్టుకెళ్ళి తాగించారు.

ఎనిమిది వారాల్లో 3,700 మందికి పైగా రోగులు. అలాంటి శిబిరాల్లో కలరా పట్టినవాళ్ళలో నూటికి ముప్ఫై మంది దాకా పోతున్న రోజులవి. ఆయన దగ్గర చనిపోయినవాళ్ళు నూటికి 3.6.

సిస్టరమ్మ · సోమవారం, ఉదయం 9:35

డాక్టరుగారు చెప్పినదానికి నర్సు వైపు నుంచి నాలుగు మాటలు. నేను 1974లో ట్రైనింగులో చేరాను, రిటైరై చాలాకాలమైంది.

ఇప్పటి పిల్లలకి సెలైన్ పెట్టడం అంటే ప్లాస్టిక్ సంచి, పొట్లంలో సూది, వాడి పారేసే గొట్టం. మా రోజుల్లో గాజు సీసా, రబ్బరు గొట్టం. ఒక్కో గొట్టాన్నీ కడిగి, ఉడికించి, మళ్ళీ వాడేవాళ్ళం. సూదులు మొద్దుబారితే రాయి మీద నూరి పదును పెట్టేవాళ్ళం. నీళ్ళన్నీ పోయిన మనిషికి నరం దొరకదు. మోచేతి దగ్గర దొరక్క, మణికట్టులో దొరక్క, చివరికి చీలమండ దగ్గర కోసి చూడాల్సి వచ్చేది. ఒక్క మనిషికే అరగంట. ఈలోగా పక్కన ఇంకో ఇద్దరు.

కాబట్టి మూడు వేలమందికి సెలైన్ లేదన్న మాట వినగానే నాకు సీసాల కొరతకంటే ముందు చేతుల కొరత కనిపిస్తుంది. ఆ డాక్టరు చేసిన పెద్ద పని పొడి కలపడం కాదనుకుంటాను. మా చేతుల్లో పనిని తీసి తల్లి చేతిలో పెట్టాడు. అప్పటిదాకా ఆసుపత్రిలో బంధువుల్ని బయటికి తోలడమే మాకు నేర్పిన మర్యాద. ఆయన వాళ్ళని మంచం పక్కనే కూర్చోబెట్టాడు.

నీ అరగంటలో ఇది చెప్పు బాబూ.

సూటిగా · సోమవారం, మధ్యాహ్నం 1:15

ఆసక్తిగా చదువుతున్నాను. ఒక మాట అడగాలి. అంటే ఓఆర్‌ఎస్ మనకి యుద్ధం ఇచ్చిందేనన్నమాట. ప్లాస్టిక్ సర్జరీ మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు పోయిన సైనికుల మీదే ఎదిగింది, పెన్సిలిన్ రెండో యుద్ధంలోనే రాశులుగా తయారైంది. వినడానికి బాగోదు కానీ, యుద్ధం లేకపోతే వైద్యం ఇంత ముందుకు వెళ్ళేది కాదని ఒప్పుకోవాలి కదా.

తెనాలి_పిల్లల_డాక్టరు · సోమవారం, మధ్యాహ్నం 3:50

ఒప్పుకోనండీ. ఈ మాట చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ బాధపడ్డాను.

వరస చూడండి. 1953లోనే కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ కలరా రోగులకి నోటిద్వారా ద్రావణం ఇచ్చి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1960లో రాబర్ట్ క్రేన్ పేగు గోడలో గ్లూకోజూ సోడియమూ కలిసే లోపలికి వెళతాయని చెప్పాడు. కలరా విషం పేగుని ఎంత పాడుచేసినా ఈ తలుపు మాత్రం మూతపడదు. ఉప్పునీళ్ళలో గ్లూకోజు కలిపితే ఉప్పుని వెంటబెట్టుకుని వెళుతుంది, దాని వెంట నీళ్ళూ వెళతాయి. 1968లో ఢాకాలోని కలరా ప్రయోగశాలలో నలిన్, క్యాష్ అనే ఇద్దరు యువ డాక్టర్లు రోగులకి తాగించి, నరంలోకి ఎక్కించాల్సిన ద్రవాన్ని నూటికి ఎనభై వంతులు తగ్గించవచ్చని చూపించారు.

చూశారా, కనిపెట్టడం అంతా యుద్ధానికి ముందే అయిపోయింది. ఆ ఢాకా ప్రయోగశాల ప్రశాంతంగా పనిచేసిన రోజుల్లోనే అయింది. మిగిలింది ఒక్కటే, డాక్టర్ల అపనమ్మకం. తాగించే మందు అంటే చిన్నచూపు. చదువులేని తల్లి కొలత తప్పుతుందని భయం. యుద్ధం వచ్చి సీసాలు లేకుండా చేసింది కాబట్టి ఆ అపనమ్మకం పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. అందుకని యుద్ధానికి దణ్ణం పెట్టమంటారా? మనం 1968లోనే తల్లుల్ని నమ్మి ఉంటే 1971కి శిబిరాల్లో అందరి దగ్గరా ఆ పొట్లం ఉండేది. అది మా వృత్తి తప్పు.

ఆ తర్వాత కూడా వెంటనే నమ్మలేదు. మహలనబిస్ వ్యాసం 1973లో గానీ అచ్చు కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థలో కలరా చూసే ధీమన్ బారువా శిబిరానికి వచ్చి కళ్ళారా చూశాడు కనుక, ఆయన పట్టుబట్టాడు కనుక 1978 నాటికి ప్రపంచం అందుకుంది. ఈ శతాబ్దపు వైద్యంలో అతి ముఖ్యమైన ముందడుగు ఇదే కావచ్చునని లాన్సెట్ ఆ ఏడాది రాసింది. మహలనబిస్ 2022 అక్టోబరులో పోయారు. పద్మవిభూషణ్ ఆ తర్వాత వచ్చింది.

సూటిగా · సోమవారం, సాయంత్రం 5:05

1968 సంగతి నాకు తెలియదు. తెలిశాక నా మాట మార్చుకుంటున్నాను. ధన్యవాదాలు డాక్టరుగారూ.

కాగజ్‌నగర్_పోరడు · సోమవారం, రాత్రి 8:30

మా దిక్కు కలరాను గత్తర అంటరు. మా నాయనమ్మ ఇంకా 'గత్తరొచ్చిన ఏడు' అనే లెక్క చెప్తది. గత్తర పట్టినోళ్ళకు నీళ్ళు ఇయ్యొద్దు అనేది ఆ కాలం మాట. నీళ్ళు ఇస్తె ఇంకింత పోతదని. దప్పికతోని నాలుక పిడచగట్టుకపోతున్నా చెంబు దాచిపెట్టేటోళ్ళంట. ఆ మాట చెప్పినప్పుడల్లా నాయనమ్మ ఏడుస్తది, ఆమె తమ్ముడు గట్లనే పోయిండు.

ఇంకోటి. మా కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాంల బెంగాలీ క్యాంపులున్నయి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినోళ్ళకు సర్కారు జాగలిచ్చింది. నా దోస్తు వాళ్ళ నానమ్మ యుద్ధం కంటె ముందే వచ్చింది గని, ఆమె చెల్లె మాత్రం 71ల జెస్సోర్ దిక్కు నుంచి నడుచుకుంట వచ్చిందని విన్న. బన్‌గావ్ పేరు వాళ్ళింట్ల విన్నట్టే ఉంది. ఈ ఐతారం పోయి అడుగుత.

చరిత్రబడి · మంగళవారం, ఉదయం 7:45

కాగజ్‌నగర్ తమ్ముడూ, తప్పకుండా అడుగు. ఆ వయసువాళ్ళు ఇంకెంతమంది మిగిలారు?

సరిహద్దు ఇవతల జరిగింది చెప్పుకున్నాం. అవతల డాక్టర్లకి ఏమైందో కూడా ఈ దారంలో ఉండాలి.

సిల్హెట్ మెడికల్ కాలేజీలో సర్జరీ విభాగం చూసే డాక్టర్ షంసుద్దీన్ అహ్మద్ ఊరు ఖాళీ అవుతున్నా ఆసుపత్రి వదల్లేదు. గాయపడినవాళ్ళు వస్తూనే ఉన్నారు. 1971 ఏప్రిల్ 9న సైనికులు ఆసుపత్రిలోకి వచ్చి ఆయన్ని బయటికి తీసుకెళ్ళి కాల్చేశారు. ఆయనతోపాటు యువ డాక్టరు శ్యామల్ కాంతి లాలాని, ఒక నర్సుని, అంబులెన్సు డ్రైవర్ని కూడా. డ్రైవర్ని కూడా అన్నది నేను చదివిన రోజు పుస్తకం మూసేశాను.

యుద్ధం ఆఖరి రోజుల్లో ఢాకాలో మేధావుల్ని జాబితా రాసుకుని ఇళ్ళనుంచి ఎత్తుకెళ్ళారు. గుండె జబ్బుల డాక్టరు ఫజ్లే రబ్బీ, కంటి డాక్టరు అలీం చౌధురి, ఇద్దర్నీ డిసెంబరు 15న తీసుకెళ్ళారు. మర్నాడే సైన్యం లొంగిపోయింది. రాయేర్‌బజార్ ఇటుక బట్టీల దగ్గర వాళ్ళ శవాలు 18న దొరికాయి.

ఇంకో దారి ఎంచుకున్నవాళ్ళు ఉన్నారు. ఇంగ్లండులో సర్జరీ పై చదువుల్లో ఉన్న జఫ్రుల్లా చౌధురి, ఎం. ఎ. మొబిన్ పరీక్షలు వదిలేసి త్రిపురకి వచ్చారు. అక్కడ వెదుళ్ళతో, తడకలతో బంగ్లాదేశ్ ఫీల్డ్ హాస్పిటల్ కట్టారు, 480 పడకలు. నర్సులు లేరు. శిబిరాల్లో ఉన్న ఆడపిల్లలకి, అంతకుముందు సూది ముట్టనివాళ్ళకి, కొద్దిరోజుల్లో పని నేర్పి వార్డులు అప్పజెప్పారు. ఆ ఆసుపత్రిని నడిపించింది కెప్టెన్ సితారా బేగం, ఆర్మీ డాక్టరు. తర్వాత ఆమెకి బీర్ ప్రతీక్ అనే శౌర్య బిరుదు వచ్చింది.

యుద్ధం అయ్యాక ఆ ఆసుపత్రే ఢాకా దగ్గర సావార్‌లో గణస్వాస్థ్య కేంద్రంగా మారింది. పల్లెటూరి అమ్మాయిలు సైకిళ్ళ మీద ఊరూరా తిరిగి వైద్యం చేసిన సంస్థ అది. 1982లో బంగ్లాదేశ్ పనికిరాని మందుల్ని నిషేధించిన ఔషధ విధానం వెనక ఉన్నదీ జఫ్రుల్లాయే. యుద్ధంలో నేర్చుకున్న పాఠం, కొంచెం నేర్పితే మామూలు మనిషి చాలా చేయగలడన్నది, ఆయన జీవితాంతం వదల్లేదు. 2023 ఏప్రిల్లో పోయారు.

సూటిగా · మంగళవారం, ఉదయం 11:20

నిన్న తగ్గాను, ఇవాళ మళ్ళీ అడుగుతున్నాను. బన్‌గావ్‌లో కలరా వచ్చినవాళ్ళు శరణార్థులు, వాళ్ళకి వైద్యం చేయడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. త్రిపురలో ఆసుపత్రి బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడిన ముక్తివాహిని సైనికుల కోసం. వాళ్ళు కోలుకుని మళ్ళీ తుపాకి పట్టుకుని వెళ్ళారు. డాక్టరు ఒక పక్షం చేరిపోయినట్టే కదా? డాక్టరు ఎవరి వైపూ ఉండకూడదనే అనుకుంటాం. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మానాయన_ఏఎంసీ · మంగళవారం, రాత్రి 9:10

దీనికి మా నాయన చెప్పిన ఒక సంగతి రాస్తాను. మాది ప్రకాశం జిల్లా. నాయన ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటు. 71 డిసెంబరులో తూర్పున ఒక మిలటరీ ఆసుపత్రిలో ఉన్నాడు.

గాయపడ్డ మనవాళ్ళూ వాళ్ళవాళ్ళూ ఒకే లారీలో వచ్చేవాళ్ళంట. దించగానే సర్జన్ నడుచుకుంటూ పోతూ ఒక్కో మనిషి నుదుటిమీద గుర్తు పెట్టేవాడు. ఇప్పుడే లోపలికి పోవాల్సినవాళ్ళు, ఆగగలిగినవాళ్ళు, ఆశ లేనివాళ్ళు. ఒకరోజు మొదట లోపలికి పోయినవాడు పాకిస్తాన్ సిపాయి, పొట్టలో తూటా. ఆగమన్నవాడు మనవాడు, చేయి విరిగింది. నాయనకి కడుపు మండిపోయిందంట. నాయన స్నేహితుడు రెండురోజుల ముందే చనిపోయాడు. స్ట్రెచర్ ఎత్తకుండా నిలబడ్డాడు. సర్జన్ తిట్టలేదు. "యూనిఫాం కత్తిరించి తీసెయ్, తర్వాత చూడు" అన్నాడంట. తీసేశాక చూస్తే ఇరవై ఏళ్ళ కుర్రాడు, చలికి వణుకుతున్నాడు. నాయనే ఎత్తాడు.

నాయన మన సైన్యంలో ఉన్నాడు, జీతం మనది, మనం గెలవాలనే కోరుకున్నాడు. పక్షం ఉంది. కానీ బల్ల మీదికి ఎవర్ని ఎక్కించాలో పక్షం చెప్పలేదు. 1949 జెనీవా ఒప్పందంలో ఉన్నదీ అదే, ఎవరికి ముందు అన్నది వైద్య అవసరాన్ని బట్టే తేలాలని. ఏ సైన్యపు డాక్టరైనా ఆ సైన్యం మనిషే. అందుకు ఒప్పందం అడ్డు చెప్పదు. జఫ్రుల్లా గారు తన దేశం కోసం ఆసుపత్రి పెడితే తప్పెక్కడ? వచ్చిన శత్రువుని గుమ్మంలోంచి తోసేస్తే అప్పుడు అడగాలి.

సిస్టరమ్మ · మంగళవారం, రాత్రి 9:40

"యూనిఫాం కత్తిరించి తీసెయ్." ఈ ఒక్క మాట నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

మానాయన_ఏఎంసీ · మంగళవారం, రాత్రి 9:52

నాయన 2014లో పోయాడమ్మా. మా అమ్మకి చదివి వినిపిస్తాను.

నిర్వాహకుడు · బుధవారం, ఉదయం 8:00

రెండు సందేశాలు తొలగించాను. ఇప్పటి యుద్ధాల్లో ఏ పక్షం ఎంతమందిని చంపిందన్న పోటీ లెక్కలకి ఇది చోటు కాదు. మిగతా చర్చ చాలా బాగుంది, ఇలాగే సాగనివ్వండి.

చరిత్రబడి · బుధవారం, ఉదయం 10:30

లెక్కల మాట వచ్చింది కనుక చెబుతాను. చచ్చిపోయినవాళ్ళని లెక్కపెట్టడం కూడా వైద్యుల పనే. పోటీ కోసం చేసే లెక్క వేరు, ఇది వేరు.

ఢాకాకి దక్షిణంగా మత్లబ్ అనే ప్రాంతం ఉంది. కలరా ప్రయోగశాల వాళ్ళు 1966 నుంచి అక్కడ ఇంటింటికీ తిరిగి పుట్టినవాళ్ళని, పోయినవాళ్ళని పుస్తకంలో రాస్తూ వచ్చారు. యుద్ధంలో కూడా ఆ పుస్తకం ఆగలేదు. తర్వాత లెక్క చూస్తే 1971లో చావులు మామూలు ఏడాదికంటే బాగా పెరిగాయి. ఎక్కువగా పెరిగింది పసిపిల్లల్లో, ముసలివాళ్ళలో. తూటా తగలని చావులు. రక్త విరేచనాలు, తిండి లేకపోవడం, మందు దొరక్కపోవడం. ఆ పుస్తకమే లేకపోతే వాళ్ళు యుద్ధంలో పోయినట్టే ఎవరికీ తెలిసేది కాదు. అదే ఏడాది ఆ ప్రయోగశాలలో పనిచేసిన డాక్టర్లు ఇద్దరు తూర్పు పాకిస్తాన్‌లో రాబోతున్న కరువు గురించి లాన్సెట్‌లో రాసి ప్రపంచాన్ని హెచ్చరించారు.

యుద్ధం 1971 డిసెంబరు 16న అయిపోయిందని చదువుకుంటాం. జబ్బుకి ఆ తేదీ తెలియదు. సాల్ట్ లేక్ శిబిరంలో మశూచిని ఆటలమ్మ అనుకున్నారు. జనవరిలో జనం సంతోషంగా ఇళ్ళకి బయలుదేరారు, మశూచీ వాళ్ళతో బస్సెక్కింది. 1970లోనే మశూచి పోయిందనుకున్న బంగ్లాదేశ్‌లో అది మళ్ళీ పాకి, పూర్తిగా పోవడానికి 1975 అక్టోబరు దాకా పట్టింది. భోలా దీవిలో రహీమా బాను అనే చిన్నపాప ఆఖరి రోగి. మశూచిలో ప్రాణాలు తీసే పెద్ద రకానికి ప్రపంచం మొత్తంలో సహజంగా సోకిన ఆఖరి రోగి కూడా ఆ పాపే.

హౌస్‌సర్జన్_07 · బుధవారం, రాత్రి 11:55

డ్యూటీ దిగి ఇప్పుడే అన్నీ చదివాను. ఏం రాయాలో తెలియడం లేదు. ఇవాళ మా పిల్లల వార్డులో నాలుగు విరేచనాల కేసులు. ఒక తల్లి "సెలైన్ ఎక్కించకుండా ఈ పొడి ఇస్తారేంటి, మేం డబ్బులు పెట్టుకోలేమనా" అని నన్ను నిలదీసింది. 1971 గురించి చదవకముందు అయితే విసుక్కునేవాణ్ణి. కూర్చుని చెప్పాను. చెంచాతో ఎలా పట్టాలో చూపించాను. వాంతి చేసుకున్నా పది నిమిషాలాగి మళ్ళీ పట్టమన్నాను.

సిస్టరమ్మగారూ, ఒక సందేహం. ఇంట్లో పొట్లం లేనప్పుడు ఎలా కలపాలో పిల్లలకి చెప్పాలి. మీరు వాడిన కొలత?

సిస్టరమ్మ · గురువారం, ఉదయం 7:20

లీటరు మంచినీళ్ళు, తలకొట్టిన టీ చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే పసివాళ్ళకి ప్రమాదం, కాబట్టి రుచి చూసి కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోయమని తల్లులకి చెప్పేదాన్ని. ఉప్పు వేసిన గంజి, పలుచటి మజ్జిగ కూడా పట్టవచ్చు. పొట్లం దొరికితే మాత్రం పొట్లమే, మొత్తం ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్ళలో కలపాలి. కొంచెం కొంచెం గ్లాసులో కలిపితే కొలత తప్పుతుంది. ఈ తప్పు ఇప్పటికీ ప్రతి ఊళ్ళో చూస్తున్నాను.

తెనాలి_పిల్లల_డాక్టరు · గురువారం, ఉదయం 8:15

కొట్టులో ఓఆర్‌ఎస్ పేరు పెట్టి అమ్మిన తీపి పానీయాల సంగతి కూడా చెప్పు బాబూ. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళతరబడి ఒంటరిగా పోరాడితే, 2025 అక్టోబరులో గానీ ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశం రాలేదు. బన్‌గావ్‌లో అంత కష్టపడి నిలబెట్టిన మాట అది. పళ్ళరసం డబ్బా మీద చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

కాగజ్‌నగర్_పోరడు · ఆదివారం, సాయంత్రం 6:40

ఈస్‌గాం పోయొచ్చిన. నా దోస్తు వాళ్ళ నానమ్మకు ఎనభై దాటినయి. తెలుగు మంచిగనే మాట్లాడతది, చెల్లె ముచ్చట వచ్చేసరికి బెంగాలీలకు పోయింది, మా వోడు చెప్పిండు నాకు.

ఆమె చెల్లె, చెల్లె పెనిమిటి, ఇద్దరు పిల్లలు నడుచుకుంట వచ్చిన్రంట. తొవ్వల చిన్న బిడ్డ పోయింది. బన్‌గావ్ చేరినంక పెనిమిటికి గత్తర తగిలింది. ఆసుపత్రిల జాగ లేక వరండాల పండబెట్టిన్రు. ఎవరో డ్రమ్ము చూపించి, మగ్గు ఇచ్చి, తాగిపియ్యి, ఆపకు అన్నరు. ఆమె ముందు నమ్మలే. నీళ్ళు తాగిపిస్తె సస్తడు అనుకుంది. తాగిపియ్యకున్నా సస్తడు అని తాగిపించింది. రాత్రంత. తెల్లారేసరికి ఆయన కండ్లు తెరిచిండు.

పక్కకు ఒక పిలగాడు ఉండెనంట, పన్నెండేండ్లు ఉంటయేమో, వాని తరఫున ఎవ్వరు లేరు. పెనిమిటికి ఒక మగ్గు, వానికి ఒక మగ్గు పట్టింది. రెండు దినాలైనంక అక్కడి నర్సమ్మ కొత్తగ వచ్చినోళ్ళను ఈమె దగ్గరికి పంపుడు మొదలుపెట్టింది, ఎట్ల తాగిపియ్యాల్నో చూపియ్యమని. ఈమె గక్కడ్నే పదిహేను దినాలు ఉన్నది.

ఆ పిలగాడు ఏమైండు అని అడిగిన. బతికిండంట. పేరు మాత్రం నానమ్మకు యాదికి లేదు. చెల్లె కూడ పోయి ఆరేండ్లైంది.

హౌస్‌సర్జన్_07 · ఆదివారం, రాత్రి 9:15

అన్నా, ఈ అమ్మమ్మగారి చెల్లెలితోనే మొదలుపెడతాను. మా వార్డులో పాత స్టీలు డ్రమ్ము ఒకటి ఉంది, కుళాయి ఉన్నది. మేట్రన్ గారిని అడిగాను, ఆ రోజు స్కూలుకి పంపిస్తానన్నారు. నీళ్ళు పోసి, పొట్లాలు కలిపి, పిల్లలందరి చేతా మగ్గుతో పట్టించి తాగిస్తాను.

విన్నీత్సియా మేడమ్‌కి కూడా ఇదంతా రాసి పంపాను. రాత్రి డ్యూటీలో ఉన్నారట, తెల్లారాక చదువుతానన్నారు.